బుద్ధిగా కళ్ళు మూసుకున్న రోజులు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. కూర్చోబెట్టి టీ ఇస్తాను. వాళ్ళ సంచుల్లోంచి రంగు పెన్సిళ్ళ పెట్టె, కళ్ళు మూసుకోమని చెప్పడానికి కొట్టే చిన్న ఇత్తడి గంట, లావుపాటి గైడు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఆ గంట చూడగానే నాకు నవ్వొస్తుంది, వెనకే కోపం కూడా వస్తుంది. కోపం ఎవరి మీదో ఇంతవరకూ ఎవరికీ సరిగా చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

నా అసలు ఉద్యోగం డ్రాయింగ్ టీచరు. అనకాపల్లిలో ఒక స్కూల్లో పదకొండేళ్ళు పిల్లల చేత మామిడిపండు, కుండ, జాతీయజెండా వేయించాను. తరవాత, ఇళ్ళల్లోకి బటన్ల సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో, ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు నన్ను తీసుకున్నారు. పదో తరగతి తప్పి ఇంట్లో తిట్లు తింటున్న పిల్లల్ని వారానికోసారి గుంపుగా కూర్చోబెట్టాలి. చేతికి రంగులో, మట్టో ఇవ్వాలి. చేస్తున్న పని మీద, తమ ఊపిరి మీద, లోపల కదులుతున్న బాధ మీద ధ్యాస నిలపడం నేర్పాలి. అది అలవాటైతే రేపు ఏ దెబ్బ తగిలినా నిలదొక్కుకుంటారని ఆలోచన. ఆలోచన మంచిదే. రిటైరయ్యేదాకా అదే చేశాను కనుక ధైర్యంగా చెబుతున్నాను. చిక్కంతా చేసేవాళ్ళతో. అందులో మొదటిదాన్ని నేను.

నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎన్ని రిపోర్టులు రాశాను అన్నవి ఇక్కడ ఉండవు. ఒక మాట, ఒక పిల్ల, ఒక పిల్లాడు, ఒక బాసు. అంతే.

కిస్‌మిస్ పండు

మాకు ట్రైనింగు విశాఖపట్నంలో బీచి ఎదురుగా ఉన్న హోటల్లో జరిగింది. ట్రైనరుగారు హైదరాబాదు నుంచి వచ్చారు. తెల్లటి లాల్చీ, మెల్లటి గొంతు. మొదటిరోజు తలా ఒక కిస్‌మిస్ పండు చేతిలో పెట్టి, పావుగంట సేపు దాన్ని చూడమన్నారు, వాసన చూడమన్నారు, చెవి దగ్గర పెట్టుకుని వినమన్నారు, చివర్న నెమ్మదిగా నమలమన్నారు. నా పక్కన కూర్చున్న సత్యవతి రోలుగుంట నుంచి తెల్లారగట్ల బస్సెక్కి వచ్చిన వాలంటీరు. కిస్‌మిస్ అందగానే గుటుక్కున మింగేసి, "ఇంకోటి ఇత్తారేటండి?" అని అడిగింది.

"ఆ కోరికను గమనించమ్మా" అన్నారు ట్రైనరుగారు.

"కోరిక కాదండి. ఆకలండి" అంది సత్యవతి.

హాల్లో అందరం నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ మూడు రోజుల్లో తన లోపల ఏం జరుగుతోందో సరిగ్గా గమనించి, సరైన పేరు పెట్టింది ఆ పిల్ల ఒక్కతే. సర్టిఫికెట్టు మాత్రం మా అందరికీ ఇచ్చారు.

రెండోరోజు అసలు పాఠం. కిటికీ తెర తీస్తే నిజం సముద్రమే కనపడుతుంది. ఆ తెర వేయించి, ఏసీ పెట్టించి, మా చేత కళ్ళు మూయించి, సముద్రాన్ని ఊహించుకోమన్నారు. "మీరు సముద్రపు ఒడ్డున కూర్చున్నారు. అల వస్తోంది, ఊపిరి పీల్చండి. అల వెళ్ళిపోతోంది, వదలండి. అన్నీ అలతో వెళ్ళిపోతున్నాయి." సగం మంది గురక పెట్టారు. నేను మాత్రం కరిగి నీరైపోయాను. ఇంత ప్రశాంతత ఉందని తెలియకనే కదా ఇన్నాళ్ళూ మామిడిపళ్ళు వేయించాను అనుకున్నాను. ఆ పేరా మొత్తం నోట్సులో రాసుకుని, ఇంటికొచ్చి బట్టీ పట్టాను.

మాట నాదే

మా బాసు సూర్యారావుగారు ప్రాజెక్టు కోఆర్డినేటరు. మనిషి మంచివాడే, ఫ్లెక్సీ కంటపడనంత వరకు. అప్పుడే ఊళ్ళో ఫ్లెక్సీలు కొత్త. పదిమంది కూర్చునే మీటింగుకు కూడా పదడుగుల ఫ్లెక్సీ కట్టేవారు. ఎవరెంత చెప్పినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇంగ్లీషు గైడును తెలుగు చెయ్యాల్సి వచ్చింది. 'రెసిలియెన్స్' అన్నదానికి 'తట్టుకునే శక్తి' అని రాసుకున్నాం. 'మైండ్‌ఫుల్‌నెస్' దగ్గర బండి ఆగిపోయింది. సూర్యారావుగారు 'మనోనిండుతనం' అన్నారు.

"నెలలు నిండినట్టుంది సార్" అన్నాను.

"అయితే మీరే సెప్పండి గ్రేసమ్మగారూ, మీరు బొమ్మలేసే మనిషి గదా" అన్నారు.

రెండు రోజులు ఆలోచించాను. మన బొజ్జన్నకొండ గుర్తొచ్చింది. ఊరి పక్కనే బౌద్ధులు వందల ఏళ్ళు ధ్యానం చేసుకున్న కొండ. బుద్ధుడు, బుద్ధి. నా తెలివికి నేనే మురిసిపోయాను. కార్యక్రమానికి 'బుద్ధిగా ఉందాం' అని పేరు పెట్టాను. సూర్యారావుగారు కుర్చీలోంచి లేచి నాకు షేక్‌హ్యాండు ఇచ్చారు. సాయంత్రానికల్లా ఫ్లెక్సీ అచ్చుకు వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళు స్కూల్లో పనిచేసినదాన్ని. 'బుద్ధిగా ఉండు' అన్న మాట పిల్లలు ఎక్కడెక్కడ వింటారో నాకు తెలియదా? చుట్టాలింట్లో వింటారు, హెడ్మాస్టరు గదిలో వింటారు, బెత్తం పైకి లేచినప్పుడు వింటారు. ఆ మాటకు మన పిల్లల భాషలో ఒక్కటే అర్థం. నోరు మూసుకో, కదలకు, నాకు పని పెట్టకు. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందంటారు. నాకు ఆ అదృష్టం కూడా లేదు. కోతి అయితే కనీసం గెంతేది.

అన్నీ ఒకే కొండలు

మా గుంపు బెల్లం మార్కెట్ వెనక ఒక పాత గోడౌన్లో శనివారం శనివారం కూర్చునేది. బెల్లం దిమ్మలు తీసేసి చాలా ఏళ్ళయినా వాసన పోలేదు. రంగుల డబ్బాలకు కూడా చీమలు పట్టేవి. ఇరవైరెండు మంది పిల్లలు, పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు. మొదటి శనివారం నేను నిలబడి, "ఈవేళ్టి నుంచి మనందరం బుద్ధిగా ఉందాం" అన్నాను.

ఇరవైరెండు మందీ టక్కున చేతులు కట్టుకున్నారు. కొందరు నోటి మీద వేలు వేసుకున్నారు. మీసాలు మొలుస్తున్న పిల్లలు నోటి మీద వేలు వేసుకోవడం చూస్తే ఎవరికైనా నవ్వు రావాలి. నాకు ఆనందం వచ్చింది.

కాగితాలిచ్చి మనసులో ఏముంటే అది వెయ్యమన్నాను. అందరూ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు, కింద గుడిసె వేశారు. ఇరవైరెండు కాగితాల మీదా అదే బొమ్మ. ఆ బొమ్మ ఎక్కడిదా అని చూస్తే నాదే. పదకొండేళ్ళు బోర్డు మీద నేను వేయించిందే, అన్నలూ అక్కలూ చూసి నేర్చుకుని తమ్ముళ్ళకు నేర్పినట్టున్నారు.

సూర్యారావుగారు తలుపు దగ్గర నిలబడి చూసి, "పిన్ను పడితే ఇనపడతందండి! ఇదండీ రిజల్టు!" అన్నారు.

ఆ నెలలోనే మా చర్చి పాస్టరుగారు ఇంటికి వచ్చారు. "గ్రేసమ్మా, కళ్ళు మూసుకుని ఊపిరి గమనించడం మన పద్ధతి కాదు కదా? అది వాళ్ళ ధ్యానం కదా?" అని నెమ్మదిగా అడిగారు. అదే వారం ఎస్. రాయవరం వైపు నుంచి ఒక చెరకు రైతు గోడౌన్‌కి వచ్చి, "మేడంగోరూ, మా వోడి సేత కళ్ళు మూయించి ప్రార్థన సేయిత్తన్నారంట. మీ మతంలో కలిపేసుకుంటన్నారేటి?" అని నిలదీశాడు. ఇద్దరికీ టీ ఇచ్చి ఒకే జవాబు చెప్పాను. "అలాంటిదేం లేదండి. బుద్ధిగా కూర్చోవడం నేర్పుతున్నాం." ఇద్దరూ ఎంతో సంతోషించి వెళ్ళిపోయారు. ఒక పాస్టరుగారు, ఒక కోపంగా వచ్చిన తండ్రి, ఒక ఫ్లెక్సీ బాసు, ముగ్గురికీ ఒకేసారి నచ్చిందంటే ఆ పనిలో పిల్లలకు పనికొచ్చేదేదీ ఉండకపోవచ్చని నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

నీలం కాగితాలు

ఆ ఇరవైరెండు మందిలో నా గర్వకారణం నూకరత్నం. రాంబిల్లి దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె దానిది. లెక్కల్లో తప్పి, మళ్ళీ రాయడానికి అనకాపల్లి స్టేషన్ దగ్గర పిన్ని ఇంట్లో ఉంటోంది. పదహారేళ్ళు. ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట 'వేట' అని రాసింది. వాళ్ళు చేపల వేటను వేట అనే అంటారు. చదివి ఫైల్లో పెట్టేశాను. ఫారం నింపించడం పరిచయం చేసుకోవడమే అనుకునే రోజులు నావి.

సముద్రం పేరా చదవగానే అందరికంటే ముందు కళ్ళు మూసేది నూకరత్నం. చివరిదాకా కదిలేది కాదు. రెండో వారం నుంచి, అందరూ కొండలు వేస్తుంటే అది మాత్రం కాగితం మొత్తం నీలం రంగు పులిమేది. అంచు నుంచి అంచుదాకా నీలం, తెల్లచుక్క లేకుండా. నేను ఆ కాగితాలు గోడకు అంటించి, "చూశారా, మనసు నిర్మలంగా ఉంటే ఇలాంటి బొమ్మ వస్తుంది" అని మిగతా పిల్లలకు పాఠం చెప్పాను. సూర్యారావుగారు కళ్ళు మూసుకున్న దాని మొహాన్ని ఫోటో తీయించి కొత్త ఫ్లెక్సీ మీద వేయించారు. 'బుద్ధిగా ఉందాం' అన్న అక్షరాల కింద ఆ పిల్ల మొహం, నిద్రపోతున్నట్టు. ఆ ఫ్లెక్సీ మెయిన్ రోడ్డులో చాలా రోజులు వేలాడింది. నేను ఆ దారినే వెళ్ళేదాన్ని. చూసి నవ్వుకునేదాన్ని.

నా గర్వం మీద నీళ్ళు చల్లేవాడు అప్పలనాయుడు. నన్ను నిలదీసిన చెరకు రైతు కొడుకే. ఎన్నిసార్లు చెప్పినా కళ్ళు మూయడు. పేరా చదువుతుంటే దిక్కులు చూస్తాడు, పక్కవాళ్ళ మొహాలు చూస్తాడు. మూడుసార్లు బయట నిలబెట్టాను. నాలుగోసారి, అందరూ అలల్లో ఉన్నప్పుడు, వీడు మెల్లగా నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, అల పోయినప్పుడు అందరూ ఊపిరి ఒదుల్తన్నారండి. ఆ రత్నం ఒదల్టం లేదు. పట్టేసి ఉంటంది. పోయినవారం కూడా అంతేనండి."

"నువ్వెందుకు కళ్ళు తెరిచావు?" అన్నాను. చూడండి, నేనడిగిన ప్రశ్న అది.

"అందరూ మూసేసుకుంటే ఎవులు సూత్తారండి?" అన్నాడు వాడు. "దాని సేతులు సూడండి."

వెళ్ళి చూశాను. బిగించిన పిడికిళ్ళు విప్పించాను. రెండు అరచేతుల్లోనూ గోళ్ళు దిగిన గుర్తులు, పాతవి మానుతూ, వాటి పక్కనే కొత్తవి. మొహం మాత్రం ఫ్లెక్సీలో ఉన్నట్టే ఉంది.

పిల్లలందరినీ బయటికి పంపి దాన్ని అడిగాను. "ఇంత కష్టంగా ఉంటే ఎందుకమ్మా మూసుకున్నావు? నాకు చెప్పొచ్చు కదా?"

అది ఆశ్చర్యంగా చూసింది. "మీరు బుద్ధిగా కూకోమన్నారు గదండి" అంది.

సంచీ తీసుకుని పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది.

రాంబిల్లి బస్సు

మర్నాడే రాంబిల్లి బస్సెక్కాను. అడుగుతూ అడుగుతూ వాళ్ళ ఇంటికి వెళ్ళాను. నూకరత్నం తల్లి ఎండుచేపలు తిరగేస్తోంది. చేతులకు గాజులున్నాయి, నుదుట పెద్ద బొట్టుంది. నన్ను చూసి సంబరపడిపోయి, "టీచరమ్మొచ్చింది" అని పక్కింటికి కేకేసి, పీట వేసింది.

"మా రత్నం బుద్ధిగా ఉంటందా అమ్మా?" అని అడిగింది.

"ఉంటోందమ్మా" అన్నాను.

"ఆళ్ళ అయ్య వచ్చేసరికి టెన్తు పాసయిపోవాలమ్మా. వచ్చి అడుగుతాడు."

"ఎక్కడికి వెళ్ళాడమ్మా?"

పక్కింటామె అడగొద్దని నాకు సైగ చేసింది. తరవాత బస్టాపు దాకా వచ్చి చెప్పింది. కిందటేడు తుపానులో నలుగురు వేటకు పోయారు. పడవ తిరగబడితే ముగ్గురు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. నూకరత్నం తండ్రి చేరలేదు. శవం దొరకలేదు. కొట్టుకుపోయి బంగ్లాదేశ్ ఒడ్డున పడ్డాడనీ, అక్కడ జైల్లో పెట్టుంటారనీ, ఎప్పుడో వస్తాడనీ తల్లి నమ్మకం. అలా వచ్చినవాళ్ళు కూడా లేకపోలేదు. అందుకని ఆ ఇంట్లో పోయాడన్న మాట ఎవరూ అనరు.

బస్సులో కూర్చున్నాక నాకు వరసగా అన్నీ గుర్తొచ్చాయి. అల వస్తోంది. అల వెళ్ళిపోతోంది. అన్నీ అలతో వెళ్ళిపోతున్నాయి. నేను ఆ పేరాను వారం వారం, మధ్యలో ఆగి ఆగి, గొంతు తియ్యగా చేసుకుని ఆ పిల్లకు చదివి వినిపించాను. పుండు మీద కారం చల్లి, అది అరవకపోతే, ఎంత బుద్ధిమంతురాలో అని గోడకు బొమ్మలు అంటించాను. తట్టుకునే శక్తి నేర్పుతామని పిలిచి, ఆ పిల్ల మమ్మల్ని తట్టుకునేలా చేశాం. ఆ బస్సులో నాకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది. ఈ రెండూ ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోనక్కర్లేదు కూడా.

పాకం

తరవాతి శనివారం ఆ పేరా చదవలేదు. కళ్ళు మూయమని చెప్పలేదు. మరి ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆ మాటే పిల్లలతో అన్నాను. "నాకు తెలియదర్రా. తప్పు చేశాను. మనసు పెట్టి చూడడం మీకు నేర్పాలి. ఎలాగో మీరే చెప్పండి."

అప్పలనాయుడే లేచాడు. "మా అయ్య పాకం కాసీటప్పుడు కళ్ళు ముయ్యడండి. మూత్తే మాడిపోద్ది. రెప్ప కూడా సూసుకునే ఏత్తాడు."

చెరకు ఆడే రోజులే కనుక, పై వారం అందరం వాళ్ళ ఊరు వెళ్ళాం. నన్ను నిలదీసిన ఆ రైతు పెద్ద పెనం ముందు నిలబడి ఉన్నాడు. చెరకు రసం మరిగి, పొంగి, చిక్కబడి, రంగు మారుతోంది. ఆయన బుడగలు చూస్తున్నాడు, చప్పుడు వింటున్నాడు, మధ్యమధ్య కాస్త పాకం తీసి నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ చేసి చూస్తున్నాడు. ఒక్క నిమిషం ముందు దింపితే బెల్లం గడ్డ కట్టదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడుతుంది. ఇరవైరెండు మంది పిల్లలు చుట్టూ నిలబడి, ఎవరూ చెప్పకుండానే, నోళ్ళు తెరుచుకుని, కళ్ళు విప్పుకుని చూశారు. దింపాక ఆయన చెమట తుడుచుకుని, "ఏటి మేడంగోరూ, పిల్లల్ని ఇంత బుద్ధిగా ఎలా పెంచేరండీ?" అన్నాడు. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండింది కానీ ఆయన తప్పేముంది?

ఆ రోజు నుంచి మా గుంపులో ఆ పనికి పేరు 'పాకం చూడడం' అయింది. రాగానే మట్టో రంగో చేతిలోకి తీసుకుని, ఎవరి పాకం ఎలా ఉందో వాళ్ళు చెప్పేవారు. "ఈవేళ ముదిరిపోయిందండి, మా అన్న కొట్టేడు." "నాది లేతగా ఉందండి, ఏటీ తోచట్లేదు." భయంగా ఉంది, కోపంగా ఉంది అని అడిగితే నోరు విప్పని పిల్లలు పాకం పేరు చెప్పి అన్నీ చెప్పేశారు. కొండలూ గుడిసెలూ మాయమయ్యాయి. ఇంగ్లీషు గైడులో ఇది లేదు. ట్రైనరుగారికి ఉత్తరం రాస్తే, 'స్థానికంగా మార్చుకోవడం అభినందనీయం' అని జవాబిచ్చారు. చెప్పేవాడికి వినేవాడు ఎప్పుడూ లోకువే.

మూడో వారమో నాలుగో వారమో, నూకరత్నం వంతు వచ్చింది. మట్టి ముద్దను అరచేతుల మధ్య నలుపుతూ, తల ఎత్తకుండా, "నాది అడుగంటేసింది మేడం" అంది.

ఎవరూ నవ్వలేదు.

"అందరూ వచ్చేత్తాడు, వచ్చేత్తాడు అంటన్నారు. రాడని నాకు తెల్సు. ఆ మాటంటే మా యమ్మ సచ్చిపోద్ది. అందుకే అన్లేదు."

అప్పలనాయుడు తన ముందున్న మట్టి కూడా తీసి దాని ముందు పెట్టాడు.

దాని సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే చివర్న మీరు అదే అడుగుతారు. నూకరత్నం లెక్కలు రెండోసారి కూడా తప్పి, మూడోసారి గట్టెక్కింది. తండ్రి రాడని తల్లికి తానే చెప్పింది, ఏడాది తరవాత. ఇద్దరూ కలిసి దినకార్యం చేశారు. నేను వెళ్ళాను. ఇప్పుడు అది ఒడ్డు పల్లెల్లోనే అంగన్‌వాడీ టీచరు. తీరికున్నప్పుడు ఫోన్ చేసి, నన్నే, "పాకం ఎలా ఉందండి?" అని అడుగుతుంది.

సందర్శకులు వచ్చిన రోజు

ఇక నేను చేసిన రెండో తప్పు. మొదటిది తెలియక చేశాను. ఇది తెలిసే చేశాను.

ప్రాజెక్టుకు సాయం చేసే విదేశీయులు చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. సూర్యారావుగారు నన్ను ఆఫీసుకు పిలిచారు.

"ఆ రోజు ఈ పాకం గీకం వద్దండి గ్రేసమ్మగారూ. గైడులో ఉన్నట్టే సముద్రం ముక్క పెట్టండి. ఆ పిల్లని ముందు కూకోబెట్టండి. ఫ్లెక్సీలో మొహం ఆ పిల్లదే గదా."

"సార్, ఆ పిల్ల తండ్రి సముద్రంలో పోయాడు. అందుకే మానేశాను."

ఆయన బాధపడ్డారు. నిజంగానే, ఒక అర నిమిషం. తరవాత, "పది నిమిషాలేనండి. తట్టుకోలేదేటి? తట్టుకునే శక్తి కోసమే గదండి ఇదంతా" అన్నారు.

అప్పుడు నేను ఏమనాలో మీ అందరికీ తెలుసు. నేనన్నది, "సరే సార్." ప్రాజెక్టు ఆగిపోతుందని, ఉద్యోగం పోతుందని, ఈ ఇరవైరెండు మంది పిల్లలు వీధిన పడతారని నాకు నేను చాలా చెప్పుకున్నాను. నూకరత్నానికి మాత్రం ముందుగా ఏమీ చెప్పలేదు. ఆ రోజు అది రాకుండా ఉంటే బావుణ్ణని ప్రార్థన చేశాను. రానివ్వకుండా చెయ్యడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెప్పడానికి ధైర్యం లేక, దేవుడికి అప్పగించాను.

వచ్చింది. జడకు పూలు పెట్టుకుని, మొదటి వరసలో కూర్చుంది. గోడౌన్ నిండా కుర్చీలు, దండలు, కొత్త ఫ్లెక్సీ. విదేశీ అమ్మగారు ఒకరు ముందు కూర్చున్నారు. పక్కనే ఆమెకు ఇంగ్లీషులో చెప్పడానికి సూర్యారావుగారు. నేను పేరా చదవబోతే ఆయనకు మైకు మీద మక్కువ కలిగి, కాగితం నా చేతిలోంచి తీసుకున్నారు. నేను పిల్లల పక్కన నేల మీద కూర్చున్నాను.

"అందరూ బుద్ధిగా కళ్ళు మూసుకోండి. మీరు సముద్రపు ఒడ్డున కూర్చున్నారు. అల వస్తోంది..."

"నాను ముయ్యనండి."

మైకు ఆగింది. "ఏటమ్మా?"

"మా అయ్య సముద్రంలో పోయేడండి. నాను కళ్ళు ముయ్యను."

పోయేడు. ఆ మాట అది నలుగురిలో అనడం అదే మొదటిసారి. విదేశీ అమ్మగారు, పిల్ల ఏమంటోందని ఇంగ్లీషులో అడిగింది. తనకు సముద్రమంటే చాలా ఇష్టమని చెబుతోందన్నారు సూర్యారావుగారు, అంతే మెల్లగా, అంతే నవ్వుతూ.

"సారు అబద్ధం సెప్తన్నారు" అన్నాడు అప్పలనాయుడు గట్టిగా. "అది అలా అన్లేదండి." వెనక ఇంకో గొంతు, "నానూ ముయ్యనండి." ఇంకోటి. తరవాత గోడౌనంతా బట్టలు రాసుకుంటున్న చప్పుడు, పిల్లలు చేతులు విప్పుకుంటున్న చప్పుడు.

ఇదంతా నేను చూసి చెబుతున్నానని మీరు అనుకుంటూ ఉంటారు. నేను చూడలేదు. విన్నాను. సూర్యారావుగారు మూసుకోమనగానే, ఆ గోడౌన్లో అందరికంటే ముందు కళ్ళు మూసుకున్నది నేను. నోట్సులో రాసుకున్న పేరా, బట్టీ పట్టిన పేరా వినపడుతుంటే ఆ పిల్ల మొహం చూడకుండా ఉండడానికి కళ్ళు గట్టిగా మూసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

భుజం మీద చిన్న చెయ్యి పడింది. ఆ చెయ్యి, పొద్దున్న నలిపిన మట్టి వాసన ఇంకా వేస్తోంది.

"మేడం" అంది నూకరత్నం, చిన్నపిల్లకు చెప్పినట్టు. "మీరు కూడా తెరవండి."